బర్మా వెళ్లొచ్చిన తాతల చరిత్ర తవ్వి తీయడం ఎలా

ఇచ్ఛాపురం నుంచి గోదావరి లంకల దాకా చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది: "మా తాత రంగం వెళ్లాడు, యుద్ధం వచ్చాక నడుచుకుంటూ వచ్చేశాడు." రంగం అంటే రంగూన్. కథ అక్కడితో ఆగిపోతుంది. ఏ ఏడు వెళ్లాడు, ఏ మిల్లులో చేశాడు, ఏ దారిన వచ్చాడు, వెంట బయల్దేరినవాళ్లలో ఎవరు చేరలేదు అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఆ ఖాళీలు పూరించుకోవడానికి పనికొచ్చే పద్ధతి ఇది.

ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి. వెతకడం మొదలుపెట్టిన ప్రతివారూ ఓడ ప్రయాణికుల జాబితా కోసం పరుగెడతారు. నేటాల్, మారిషస్, ఫిజీ దీవులకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవాళ్లకు అలాంటి జాబితాలు ఉన్నాయి. మనిషికో నంబరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, ఒంటిమీద పుట్టుమచ్చ దాకా రాసేవారు. బర్మాకు అలా కాదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. కాకినాడలోనో విశాఖలోనో కళింగపట్నంలోనో డెక్కు టికెట్టు కొనుక్కుని ఎక్కేయడమే. వేలల్లో వెళ్లే డెక్కు కూలీల పేర్లు రాసి దాచాల్సిన అవసరం ఎవరికీ కలగలేదు. కంపెనీల రికార్డులదీ అదే కథ. బియ్యం మిల్లులు, రేవు కంపెనీలు కూలీలను మేస్త్రీల ద్వారా పెట్టుకునేవి కాబట్టి పుస్తకాల్లో మేస్త్రీ పేరు పడుతుంది, కూలీ పేరు పడదు.

మరి తాత పేరు ఎక్కడ పడింది? డబ్బో, భూమో, సర్కారు సాయమో చేతులు మారినచోట పడింది. తాకట్టు దస్తావేజు, మనియార్డరు కూపను, నష్టపరిహారం దరఖాస్తు, పిల్లల్ని బళ్లో చేర్పించిన రిజిస్టరు. వేట రంగూన్‌లో కాకుండా ఊళ్లో మొదలుపెట్టమనేది అందుకే.

ఏ విడతలో వచ్చారో ముందు తేల్చుకోండి

బర్మా నుంచి మనవాళ్ల తిరుగుముఖం ఒక్కసారిగా జరగలేదు. 1930 మే నెలాఖరులో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య పెద్ద కొట్లాట జరిగి చాలామంది ఓడలెక్కేశారు. 1938 జులైలో మళ్లీ అల్లర్లు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక మొదలైంది అన్నిటికన్నా పెద్ద వలస. నాలుగైదు లక్షలమంది భారతీయులు బయల్దేరారని అంచనా. దారిలో పోయినవాళ్ల లెక్క పదివేల నుంచి యాభైవేల పైదాకా ఎవరికి తోచినట్టు వారు చెబుతారు. చివరి విడత 1964 తర్వాతది. ఆ ఏడాది మార్చిలో బర్మా సైనిక పాలకుడు నే విన్ ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసింది, మే నెలలో 50, 100 చాట్ల నోట్లను రద్దు చేసింది. దాంతో మిగిలినవాళ్లు కూడా సర్దుకుని వచ్చేశారు.

విడత తెలిస్తే ఏ కాగితం వెతకాలో సగం తెలిసినట్టే. ఇంట్లో మాత్రం అన్నీ కలిసిపోయి "యుద్ధమప్పుడు" అనే మాటలో కూరుకుపోతాయి. 1964లో ఓడ దిగినవాళ్లను కూడా మనవలు "నడిచి వచ్చారు" అనేస్తుంటారు. దీన్ని విడదీయడానికి సంవత్సరం అడక్కండి, ఎవరూ సరిగ్గా చెప్పలేరు. గుర్తుండిపోయే ఘటన పట్టుకుని అడగండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. "వైజాగ్‌లో బాంబు పడ్డప్పుడు నాన్న ఇంటి దగ్గర ఉన్నాడా, ఇంకా రాలేదా?" అని అడిగితే తొంభై ఏళ్ల ముసలమ్మ కూడా ఠక్కున చెబుతుంది. ఉన్నాడంటే ఓడ మీద గానీ తొలి నెలల్లో అరకాన్ దారిన గానీ వచ్చినట్టు. రాలేదంటే ఎక్కువగా మణిపూర్ దారో, ఉత్తరపు అడవి దారో అయ్యుంటుంది (ఈ దారుల సంగతి కింద ఉంది). గాంధీగారు పోయినప్పుడు, ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు (1953 అక్టోబరు 1) అనేవి కూడా ఇలాగే పనికొస్తాయి.

పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు

ఒక్కో కూర్చోవడం ముప్పావుగంట దాటనివ్వకండి. ఫోన్లో రికార్డు చేస్తున్నామని ముందే చెప్పండి. పండక్కి ఇంటినిండా జనం ఉన్నప్పుడు అడిగితే గట్టిగా మాట్లాడేవాడి కథే అందరి కథా అయిపోతుంది. ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్లని. మగవాళ్లు మిల్లు పేరూ జీతమూ చెబుతారు. ఎవరు ఏ మజిలీలో పోయారు, పసిబిడ్డని ఎవరు ఎత్తుకున్నారు, మంగళసూత్రం ఎక్కడ అమ్మారు అనేవి మేనత్తలకూ పెద్దమ్మలకూ తెలుస్తాయి.

తప్పకుండా రాబట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. మేస్త్రీ పేరూ అతని ఊరూ అన్నిటికన్నా ముఖ్యం. మేస్త్రీ సాధారణంగా సొంత ఊరివాళ్లనీ పక్క ఊళ్లవాళ్లనీ తీసుకెళ్లేవాడు, బయానా ఇచ్చేవాడు, అక్కడ ఒకే బారకాసులో ఉంచేవాడు. అతను తెలిస్తే తాతతోపాటు వెళ్లిన పాతికమందీ తెలుస్తారు. వాళ్ల మనవల ఇళ్లలో మీ తాత ఫొటో దొరికినా ఆశ్చర్యపోనక్కర్లేదు. తర్వాత పేట పేరు. పజుండాంగ్ అంటే బియ్యం మిల్లులు, డల్లా అంటే ఇరావతి స్టీమరు కంపెనీ ఓడల కార్ఖానా, సిరియం అంటే చమురు శుద్ధి కర్మాగారం. పేట తెలిస్తే పని తెలిసినట్టే. ఆ తర్వాత ఏ రేవులో ఎక్కాడు, వచ్చేటప్పుడు ఏ రైలు స్టేషన్లో దిగాడు, టీకా వేయించుకున్న గుర్తు ఉందా అన్నవి.

తిథుల విషయంలో జాగ్రత్త. దారిలో పోయినవారికి ఇంట్లో ఆబ్దికం పెడుతుంటే ఆ తిథిని పాత పంచాంగంతో పోల్చి ఇంగ్లీషు తేదీ కట్టవచ్చు. కానీ కబురు తెలియక ఎదురుచూసి, కొన్నేళ్ల తర్వాత పెద్దలు ఒక తిథి నిర్ణయించి పెట్టిన ఆబ్దికాలు కూడా ఉన్నాయి. మహాలయ అమావాస్యనాడు పెడుతున్నారంటే అది చనిపోయిన రోజు కాకపోవచ్చు. "ఈ తిథి ఎవరు చెప్పారు?" అని అడిగి మరీ రాసుకోండి.

ఇంట్లో ఉన్న కాగితాలు

ట్రంకుపెట్టె అడుగున ఉన్న కవరు పారేయకండి. లోపలి ఉత్తరం కంటే కవరే ఎక్కువ చెబుతుంది. 1937 ఏప్రిల్‌కు ముందు బర్మా ఉత్తరాల మీద మామూలు ఇండియా స్టాంపులే ఉంటాయి. 1937 ఏప్రిల్ 1 నుంచి అవే స్టాంపుల మీద బర్మా అని అడ్డంగా ముద్ర కొట్టారు. 1938 నవంబరు నుంచి బర్మాకు సొంత బొమ్మల స్టాంపులు వచ్చాయి. కవరు ఒక పక్క కత్తిరించి, మళ్లీ కాగితం పట్టీ అతికించి ఉంటే అది 1939 తర్వాత యుద్ధకాలపు సెన్సారువాళ్లు విప్పి చూసినది. తేదీ చెరిగిపోయినా ఈ ఆనవాళ్లతో మూడు నాలుగేళ్ల తేడాలో కాలం కట్టవచ్చు.

1942 వేసవి నుంచి 1945 దాకా ఉత్తరాలు ఒక్కటీ లేవంటే మనిషి పోయాడని అనుకోకండి. జపాన్ చేతిలో ఉన్న బర్మా నుంచి ఇండియాకు టపాయే లేదు. రాలేక అక్కడే ఉండిపోయి, యుద్ధం ముగిశాక ఊరు చేరినవాళ్లు చాలామంది.

ఉత్తరాల్లో తెలుగు సంవత్సరం పేరు ఉంటే మరీ మంచిది. ప్రమోదూత 1930-31, బహుధాన్య 1938-39, వృష 1941-42, చిత్రభాను 1942-43, క్రోధి 1964-65. ఉగాది మార్చి, ఏప్రిల్ నెలల్లో వస్తుంది కాబట్టి రంగూన్ జపాన్ వశమైన 1942 మార్చి 8 ఇంకా వృషలోనే పడుతుంది, విశాఖ బాంబులు చిత్రభానులో పడతాయి. బర్మీయ భాషలో ఉన్న కాగితమైతే వాళ్ల శకానికి 638 కలపండి. 1303 అంటే 1941 ఏప్రిల్ నడుమ మొదలైన ఏడాది. జనవరి నుంచి ఏప్రిల్ సగం దాకా ఉన్న తేదీలకు 639 కలపాలి. చాలామంది తప్పేది ఇక్కడే, సరిగ్గా యుద్ధపు నెలలే ఒక ఏడాది వెనక్కి పోతాయి.

1948 తర్వాత అక్కడ ఉన్నవాళ్లకు విదేశీయుల రిజిస్ట్రేషన్ పుస్తకం ఉండేది. ఇళ్లలో దాన్ని ఎఫ్‌.ఆర్‌.సి. అంటారు. ఫొటో, వేలిముద్ర, చిరునామా ఉంటాయి. ఏటా రుసుము కట్టి ముద్ర వేయించుకోవాలి కాబట్టి వెనక పేజీల్లో ముద్రలు వరుసగా చూస్తూ పోండి. చివరి ముద్ర ఏ ఏటిదో, మనిషి బర్మాలో ఉన్న చివరి ఏడు ఇంచుమించు అదే. పుస్తకం నడుమ చిరునామా మారితే ఆ మారిన తేదీ కూడా ఉంటుంది. దొరికితే ప్రతి పేజీ ఫొటో తీయండి, ఖాళీవి కూడా.

పాత కాగితాలను లామినేషన్ చేయించకండి. సెల్లోటేపు అంటించకండి, కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి సిరాను తినేస్తుంది. కిటికీ పక్కన ఎండ నేరుగా పడని చోట పరిచి ఫొటో తీస్తే చాలు. స్కానరు ఉంటే ఫొటోలకు 600, కాగితాలకు 300 డీపీఐ పెట్టండి. ఫొటోల వెనకవైపు స్టూడియో ముద్ర ఉంటుంది, దాన్నీ తీయాలి. పేర్లు రాయాలంటే వెనక పెన్సిలుతో, అంచున.

ఊళ్లో, మండలంలో

ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది. తాత వెళ్లినప్పుడు ఊరు ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉందో ముందు తేల్చుకోవాలి. ఇప్పటి శ్రీకాకుళం జిల్లా 1950లో పుట్టింది. అంతకుముందు అది విశాఖపట్నం జిల్లా. 1936 ఏప్రిల్‌కు ముందైతే అందులో టెక్కలి, సోంపేట వైపు ఊళ్లు గంజాం జిల్లాలో ఉండేవి. విజయనగరం జిల్లా 1979లో వచ్చింది. పార్వతీపురం మన్యం, అనకాపల్లి, కాకినాడ, కోనసీమ జిల్లాలు 2022లో వచ్చాయి. మండలాలు 1985 నాటివి. కాబట్టి పాత రిజిస్టర్లు మీ మండలంలో లేకపోతే పాత తాలూకా కేంద్రంలో ఉన్న తహసీల్దారు ఆఫీసులో అడగండి. రామవరాలు, కొత్తపేటలు, కొత్తవలసలు ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. తాలూకా పేరు లేకుండా ఊరి పేరు ఒక్కటే పట్టుకుంటే ఇంకొకరి తాత దొరుకుతాడు.

భూమి ఉన్న ఇల్లైతే రిజిస్ట్రారు ఆఫీసే మొదటి మజిలీ. ప్రయాణం ఖర్చుకు తాకట్టు పెట్టడం, రంగూన్ డబ్బుతో రెండెకరాలు కొనడం, రెండూ రిజిస్ట్రేషన్లో పడతాయి. కొన్న దస్తావేజులో "ప్రస్తుతం రంగూన్‌లో కూలి చేయుచున్న" అని కూడా రాసి ఉండొచ్చు. ఆన్‌లైన్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది. అంతకుముందువి ఆఫీసులో పుస్తకాలు తిరగేయించి తీయించుకోవాలి. సర్వే నంబరుతోపాటు తాత పేరు, ఆయన తండ్రి పేరు, పదేళ్లకు మించని కాలవ్యవధి ఇచ్చి దరఖాస్తు పెట్టండి. "1910 నుంచి 1960 దాకా అన్నీ" అని అడిగితే ఆ దరఖాస్తు కదలదు.

రెవెన్యూ రికార్డుల్లో ఒక చిక్కుంది. ఉత్తరాంధ్రలో చాలా ఊళ్లు జమీందారీలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే అక్కడ సర్కారు సెటిల్‌మెంటు జరిగింది. కనుక రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టిన రైత్వారీ ఊరైతే డైగ్లాట్ (ఇంగ్లీషు, తెలుగు రెండింటిలో ఉండే పాత భూమి రిజిస్టరు) అడగాలి, ఎస్టేటు ఊరైతే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ (ఎస్‌.ఎఫ్‌.ఏ., సెటిల్‌మెంటు నాటి భూమి రిజిస్టరు) అడగాలి. తేడా తెలియకుండా వెళ్తే "లేదు" అనే జవాబుతో తిరిగొస్తారు. ఎస్‌.ఎఫ్‌.ఏ.లో తాత పేరు బదులు బాబాయి పేరు ఉందంటే, సెటిల్‌మెంటు నాటికి తాత ఊళ్లో లేడనో, లేడనే అందరూ అనుకున్నారనో అనుకోవచ్చు. నేరుగా ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10.

ఎవరూ వెతకని గని బడి అడ్మిషన్ రిజిస్టరు. 1942 జూన్, జులై నెలల్లో చేరిన పిల్లల పేజీలు అడగండి. అంతకుముందు చదివిన బడి అనే గడిలో రంగూన్ అనో మౌల్మీన్ అనో ఉంటుంది. సంరక్షకుడి పేరు గడిలో తండ్రి కాకుండా మేనమామ ఉంటే తండ్రి ఇంకా రాలేదన్నమాట. జనన రిజిస్టర్లలో మాత్రం "మగబిడ్డ", "ఆడబిడ్డ" అని ఉంటుందే గానీ పేరు ఉండదు. తండ్రి పేరుతో వెతకాలి.

పేర్లూ ఊళ్లూ ఎలా రాసి ఉంటాయి

ఇంగ్లీషు రికార్డుల్లో మన ఇంటిపేరు దాదాపు ఎప్పుడూ ఉండదు. సొంతపేరు, తండ్రిపేరు, ఒక్కోసారి కులం. అప్పలస్వామి నాలుగు రకాలుగా, లక్ష్మి లచ్చిగా మారిపోతుంది. కాబట్టి ఇంటిపేరుతో వెతకడం మానేసి తండ్రిపేరు, తాలూకా జోడించి వెతకండి. తెలుగువాళ్లందరినీ కలిపి అక్కడ కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీదుగా. ఆ మాటతో కూడా వెతకాలి.

ఊళ్లకు పాత రూపాలే కొట్టండి: కాకినాడకు కొకనాడా, శ్రీకాకుళానికి చికాకోల్, విశాఖకు వైజాగపటం, ఏలూరుకు ఎల్లోర్, మచిలీపట్నానికి మసులిపటం. బర్మా వైపు ఇప్పటి మ్యాపులో చూడాలంటే ఇది తిరగబడుతుంది. మౌల్మీన్ ఇప్పుడు మౌలమ్యైన్, బస్సేన్ పథేన్, అక్యాబ్ సిట్వే, ప్రోం ప్యే, పెగూ బగో. రంగూన్‌లో డల్హౌసీ వీధి మహాబందులా రోడ్డయింది, మొగల్ వీధి ష్వేబోంతా అయింది. అడ్డవీధుల నంబర్లు మాత్రం చాలావరకు అవే. తాత 29వ వీధి అని చెప్పి ఉంటే ఈనాటి మ్యాపులో చూపించవచ్చు.

నడిచొచ్చిన దారి గీయడం

మజిలీల పేర్లలో రెండు దొరికితే దారి తేలుతుంది. ప్రోం, తౌంగుప్, అక్యాబ్, చిట్టగాంగ్ వినిపిస్తే అరకాన్ దారి. ప్రోం నుంచి తౌంగుప్‌కు కొండల మీదుగా 170 కిలోమీటర్లకు పైనే, నీళ్లు లేని దారి, కలరా తగిలిన దారి. అక్కణ్ణుంచి పడవ, ఆ తర్వాత స్టీమరు. మోనివా, కలేవా, తమూ, ఇంఫాల్, దిమాపూర్ అంటే మణిపూర్ దారి. దిమాపూర్‌ను పెద్దవాళ్లు మణిపూర్ రోడ్డు అంటారు, స్టేషను పేరు అదే. మిచ్చినా, షింబ్వియాంగ్, లేడో వినిపిస్తే అది హుకాంగ్ లోయ. మే తర్వాత వానల్లో బురదలో నడిచిన ఆ దారిలో వేలమంది పోయారు. "తేయాకు తోటలవాళ్లు గంజి పోశారు" అన్న మాట వస్తే అస్సాం వైపు శిబిరాల సంగతి. ఆ శిబిరాలను నడిపింది తేయాకు తోటల సంఘంవాళ్లే.

ఎన్నాళ్లు నడిచారన్న లెక్క మాత్రం నమ్మకండి. శిబిరంలో పడి ఉన్న రోజులు, జ్వరంతో ఆగిన రోజులు, రైలు కోసం ఆగిన రోజులు అన్నీ కలిసి "మూడు నెలల నడక" అవుతుంది. బయల్దేరిన నెల, ఊరు చేరిన నెల రాసి, మధ్యది దారి అనండి చాలు.

ఆర్కైవుల్లో

నేషనల్ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో ఉచితంగా నమోదు చేసుకుని ఇంటినుంచే వెతకవచ్చు. 1941 నుంచి 1944 దాకా ప్రవాస భారతీయుల శాఖ, తర్వాత 1947 దాకా కామన్వెల్త్ సంబంధాల శాఖ, ఈ రెండింటి కింద బర్మా కాందిశీకుల ఫైళ్లు ఉంటాయి. ఫైలు శీర్షికలో తాత పేరు రాదు. జిల్లా పేరు, బర్మా, ఇవాక్యూయీ అన్న మాటలతో వెతికి, ఫైలు తెరిచి పేజీలు తిరగేయాల్సిందే. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మనవి కదా అని ఆంధ్రాలోనే వెతికి ఆగిపోకండి.

1947లో బర్మా వలస చట్టం వచ్చింది. ఆ తర్వాత మళ్లీ వెళ్లినవారికి పర్మిట్టు తప్పనిసరి అయింది. మొదటి ప్రయాణానికి కాగితం లేకపోయినా రెండో ప్రయాణానికి ఉండే అవకాశం ఎక్కువ.

పట్టాళంలో చేరి చనిపోయినవారైతే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటు చూడండి. రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానంలో ఉన్న స్మారకం మీద దాదాపు 27 వేల పేర్లున్నాయి. అదనపు వివరాల గడిలో ఫలానావారి కొడుకు, ఫలానా ఊరు, వైజాగపటం అని ఉండొచ్చు. పేరుతో దొరక్కపోతే ఆ గడిలో ఊరిపేరుతో వెతకండి. ఓడల్లో పనిచేసి పోయిన లస్కర్ల పేర్లు చిట్టగాంగ్, బొంబాయి స్మారకాల కింద ఉంటాయి. మలయా తోటల నుంచి జపాన్‌వాళ్లు సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రైలుమార్గం పనికి తోలుకుపోయిన కూలీలకు మాత్రం ఇలాంటి జాబితా లేదు. అక్కడి కాంచనబురి శ్మశానంలో ఉన్నవి యుద్ధఖైదీల సమాధులు. అక్కడ వెతికితే నిరాశే.

"నేతాజీ సైన్యంలో చేశాడు" అనే మాట చాలా ఇళ్లలో ఉంటుంది. నిజం కావచ్చు. కానీ 1942లోనే ఊరు చేరిన మనిషి 1943లో సుభాష్ బోస్ సింగపూర్ వచ్చాక సైన్యంలో ఉండలేడు. తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

1964 వాళ్లది సులువు

వీళ్లకు కాగితాలు దండిగా ఉంటాయి. రంగూన్ రాయబార కార్యాలయం ఇచ్చిన గుర్తింపు పత్రం చాలా ఇళ్లలో బీరువాలోనే ఉంటుంది. 1963 జూన్ 1 తర్వాత వచ్చినవారికి కేంద్ర ఉద్యోగాల్లో వయసు సడలింపు ఉండేది కాబట్టి ఇంట్లో ఎవరైనా రైల్వేలోనో పోర్టులోనో చేరి ఉంటే సర్వీసు రిజిస్టరులో దాని నకలు ఉంటుంది. కాందిశీకుల కోసం 1969లో పెట్టిన రెప్కో బ్యాంకు సభ్యత్వ కాగితాలు, కాలనీ ఇళ్ల పట్టాలు కూడా చూడండి. విశాఖ కంచరపాలెం వైపు బర్మా క్యాంపులాంటి చోట్ల ఒక మధ్యాహ్నం గడిపితే ఆర్కైవులో వారం కూర్చున్నదానికంటే ఎక్కువ తెలుస్తుంది.

రాసేటప్పుడు

ప్రతి వాక్యానికీ ఆధారం పక్కనే రాయండి. ఉదాహరణకి: "1942 ఫిబ్రవరి, ప్రోం నుంచి తౌంగుప్. చిన్న మేనత్త మాట, రికార్డింగు 12వ నిమిషం. వేరే ఆధారం లేదు." ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచండి, మీకు నచ్చినదాన్ని ఎంచుకోకండి. వయసులు అన్నీ ఇరవై, ముప్ఫై, నలభై అని గుండ్రంగా వస్తాయి. వాటి ముందు "సుమారు" పెట్టండి.

బర్మాలో ఇంకో సంసారం ఉన్న తాతలు తక్కువేం కాదు. ఫొటోలో బర్మా కట్టులో ఉన్న ఆమె ఎవరని నలుగురిలో అడక్కండి. విడిగా అడగండి, చెప్పకపోతే వదిలేయండి. చెబితే, బతికున్నవాళ్ల అనుమతి లేకుండా కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ఆ పేజీ విడి ఫైలుగా ఉంచి, మిగతాది మూడు చోట్ల దాచండి: ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న బంధువు దగ్గర, ఒకటి కాగితం మీద ముద్రించి.